రౌండుకు నాలుగు నిమిషాలు

నేను బిగించిన డిష్షులు
మూడువేల చిల్లర.
కల్వకుర్తి, వెల్దండ, చారకొండ,
తండాల రేకుల మీద, మసీదు ఎనుక మిద్దెల మీద
అన్నీ ఒక్క దిక్కే మొఖం పెట్టి నిలవడ్తయి.
పైన ఉన్నది కదలదు.
కదలనిదాన్ని పట్టుకునుడే నా బతుకుదెరువు.

కదిలేదాన్ని పట్టాలె అనుకుంట
జహీర్ సార్ దుకాణానికొచ్చిండు.
పాలిటెక్నిక్ పిల్లలు ఆరుగురు
రెండేండ్లు కూసోని చేసిన డబ్బా అంట,
టిఫిన్ గిన్నె అంత.
పెద్ద ఉపగ్రహం పక్కన ఇరికిచ్చి పంపుతున్నరంట.
కర్టెన్ రాడ్లు కోసి, పీవీసీ పైపుకు గుచ్చి
ఏంటెనా చేసినం.
రాడ్డు అర సెంటీమీటరు తేడా వొస్తె
మళ్ల కోయమన్నడు సార్.
మా ఇంటి దర్వాజకు గూడ గంత కొలత చూడలే నేను.

నడిరాత్రి రాకెట్ లేసింది.
దుకాణంల తొమ్మిది టీవీలు,
తొమ్మిది రాకెట్లు లేసినయి.
చప్పట్లు. కింద ఎర్రపట్టీల 'విజయవంతం'.
డబ్బాల బీప్ కొట్టే ముక్కను
సోల్డరింగ్ చేసింది కేతావత్ సరోజ.
ఆ పిల్ల చప్పట్లు కొట్టలే.
చేతులు ఒళ్లె పెట్టుకొని
"విన్నంక కొడ్త" అన్నది.

మూడో రౌండు మన మీదికెళ్లి.
నాలుగు యాభై రెండుకని
కాయితం మీద అచ్చుగొట్టి ఉన్నది.
చద్దర్లు కప్పుకొని కాలేజి స్లాబు ఎక్కినం.
నాలుగు నలభైకి బీడీ ముట్టిచ్చి
ఒక్క గుంజు గుంజిన్నో లేదో
రేడియోల పిట్ట కూసినట్టు.

"అది కాదు, ఇంక టైం గాలే" అన్నడు సార్.
మళ్ల కూసింది.
సరోజ లేసి నిలవడ్డది.
"నాదే సార్. గా గొంతు నాదే."

జడ్చర్ల దిక్కు లేసి
దేవరకొండ దిక్కు గుంకింది.
వొచ్చేటప్పుడు సన్నగ, పోయేటప్పుడు బొంగురుగ,
కొట్ర కాడ శ్రీశైలం రోడ్డు మీద
బోరుబండి హారన్ లెక్క.
పదకొండు నిమిషాలు ఉండాల్సింది
ఆరు నిమిషాలకే పోయింది.

సార్ గడియారం మీద పడ్డడు.
నా ఫోను, సరోజ ఫోను, వాచ్‌మన్ ఎంకయ్య ఫోను
అన్నీ ఒక్కటే మాట.
నా బీడికట్ట కాయితం ఇప్పి లెక్కేసిండు:
మూడు రౌండ్లు, పన్నెండు నిమిషాలు ముందు.
రౌండుకు నాలుగు.
తొందరగ తిరుగుతున్నదంటె
ఎక్కాల్సినంత ఎక్కలేదన్నట్టు.
ఎవరికో ఫోన్ జేసిండు.
"కనుక్కుంటం" అన్నరంట.

తెల్లారంగ నేనే అన్న, ఏదో ఒకటి అనాలె గద అని:
"తప్పు తోవల వడితె ఏమాయె,
కింద ఉండవట్టె గొంతు పెద్దగ ఇనవడుతున్నది.
మనకు దగ్గరయింది."
సరోజ నా దిక్కు చూసింది.
"దగ్గరైతే కాలుతది అన్నా" అన్నది.

టీవీల పట్టీ మారలే.
రెండ్రోజులకు ఆడ వానకబురు నడిచింది.
స్లాబు మీద మాత్రం ఆ పిల్ల
దినాం ఒక గీత గీసింది నోట్‌బుక్కుల.
రౌండుకు నాలుగు అయిదయింది. ఆరయింది.
సార్‌కు మధ్యల పరీక్షల డ్యూటీ వడ్డది.
నేను ఊకె ఏంటెనా పట్టుకునేటందుకు పోయిన,
చేతికి అలవాటయి.

పదహారో దినం
మూడే మూడు బీపులు.
అప్పుడు కొట్టింది సరోజ చప్పట్లు,
చీకట్ల, ఒక్కతే,
పక్కింటి కుక్క మొరిగేదాంక.
పదిహేడో దినం ఏమీ రాలే.
ఆరోజు గూడ గీత గీసి
పక్కన టైం రాసింది.

ఎండకాలం గాలిదుమారానికి
వెల్దండల ఒకరి డిష్షు తిరిగిందంటె పోయిన.
నిచ్చెనెక్కి ఏలెడంత జరిపిన.
"వొచ్చింది, వొచ్చింది" అని లోపల్నుంచి ఒర్రిన్రు.
దిగబోయి గడియారం చూసిన.
ఎందుకో, ఉన్న టైంలకెళ్లి
నాలుగు నిమిషాలు తీసేసి
పడమటి దిక్కు జరంత సేపు నిలవడ్డ.