నిలబడే కాలు

కాశీబుగ్గ, రైల్వే గేటు అవతల మా గది.
కిటికీలోంచి పిక్కలు వేపే పొగ.
టేపు చుట్టి కొలిచాను:
కుడి తొడ నలభై నాలుగు,
ఎడమది నలభై ఒకటి.

బమ్మిడి దాలమ్మ. పందొమ్మిదేళ్లుగా జీడిపిక్కల కటింగు.
కుడికాలు పెడలు మీద, ఎడమకాలు నేల మీద.
"పన్జేసిన కాలికేటీ నేదు డాట్రమ్మా,
ఊరికే నిలబడ్డ కాలే సలిపేస్తంది."

పిక్కనూనెకి నల్లబడ్డ ఆమె వేళ్లనే
ఆమె తొడ మీద పెట్టి చూపించాను.
ఇవిగో, నాలుగు కండలు.
నాలుగూ దిగి దిగి ఒక్క తాడయ్యాయి.
ఆ తాటి మధ్య మోకాలి చిప్ప, నూతి గిలకలాగ.
తాడు దాని మీదుగా వంపు తిరిగి
కింది ఎముక బుడిపెకి ముడిపడుతుంది.
వెనక్కి తడుముకో:
లోపల రెండు, బయట ఒకటి,
మడిస్తే నులకలా బిగిసేవి.
ముందువి లాగితే వెనకవి వదలాలి.
కండకి తొయ్యడం రాదు దాలమ్మా,
లాగడం ఒక్కటే వచ్చు.

నమ్మలేదు.
"పెడలు తొక్కుతన్నాను కదేటి మరి?"
అదీ లాగడమే. ఎముక మీదుగా తిరిగొచ్చి
తోసినట్టు కనబడతాది.
(నా నోటికీ ఆమె యాస వచ్చేసింది.)

నిలబడ్డ కాలు ఊరికే లేదు.
పెడలు కిందికి పోయిన ప్రతిసారీ
కాసింత వంగి, వంగనట్టే ఉండి
ఒళ్లంతటినీ మోసింది, షిఫ్టు దిగేదాకా.
మోకాలు నొచ్చిందని తొడ పని మానుకుంది,
తొడ మానుకుందని మోకాలు ఇంకా నొచ్చింది.
ఇద్దరు తోటికోడళ్లు అలిగి
పొయ్యి వెలగని ఇల్లు.

తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టాను.
కిందికి నొక్కు, పది లెక్కపెట్టు.
ఆమె అంకెలు ఎత్తలేదు.
పప్పు, తొక్క. పప్పు, తొక్క. పప్పు...
ఆరో దానికి తొడ వణికింది.
"బద్దయిపోనాది" అంది, నవ్వి.

చివర్న, కుడికాలు బల్ల అంచునుంచి వేలాడదీసి
చిప్ప కింద సుత్తితో చిన్నగా తట్టాను.
కాలు తనంతట తానే ఎగిరింది.
అది ఎవరికైనా ఎగురుతుంది.
ఆ వెంటే
ఆమె కుడిచెయ్యి గాలిలోకి లేచి
లేని పిడిని పట్టుకుని
మెలితిప్పింది.

ఇద్దరం నేలకేసి చూశాం,
పప్పు పడిందేమోనని.