టెంపర్ పోయిందట

గురువారం బడి నుంచి ఉత్తరం:
"నిరోష ఈరోజు తన టెంపర్ పోగొట్టుకుంది."

పోతే పోయింది, మంచిదేగా అనుకున్నాను.
గొడుగు పోతే రాశారు, చేతిగ్లవుజు పోతే రాశారు,
కోపం పోయినందుకు కూడా ఉత్తరం రాస్తారా ఈ ఊళ్లో?

రోషం లేనిదని అర్థం వచ్చేలా
మా అత్తగారు ఏరికోరి పెట్టిన పేరు అది.
మా వైపు రోషం లేని మనిషంటే అదీ తిట్టేనని
అప్పుడెవరికీ తోచలేదు.
పదకొండేళ్ల పిల్ల. నాలుగు రోజులు కూర్చుని
అట్టముక్కలతో వంతెన కట్టింది.
ఎంత బరువు మోస్తుందో చూద్దామని
కాలమ్ అనే కుర్రాడు మోచెయ్యి ఆన్చాడట.
కుర్చీ ఎగిరింది. జిగురుడబ్బా ఎగిరింది.
కిటికీకి మాత్రం ఏమీ కాలేదు, దేవుడి దయ.

ఇక్కడివాళ్లు
"అతనికి టెంపర్ ఉంది" అన్నా తిట్టే,
"టెంపర్ పోయింది" అన్నా తిట్టే.
ఉన్నా తప్పే, పోయినా తప్పే అయిన వస్తువు
కొత్త కోడలి నోరు తరవాత ఇదొక్కటే.

గోడ అవతల విల్ఫ్ స్టానిఫోర్త్‌ని అడిగాను.
డెబ్బయ్యొమ్మిదేళ్లు. షెఫీల్డ్‌లో, ఈ వాక్లీ గుట్ట మీద,
పెరటి కొట్టంలో ఇప్పటికీ కత్తులు సానపడతాడు.
ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది.
మిగతా సగం ఎక్కడికి పోయిందంటే
"పనికి పోయింది" అంటాడు.

జవాబు నోటితో చెప్పలేదు.
ఒక అలుగును ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు,
తీసి సిమెంటు నేల మీద పడేశాడు.
గాజులా పుటుక్కుమంది.
"గట్టిదే, లవ్. టెంపర్ ఇంకా రాలేదు."

ఇంకొకటి తీశాడు. ముంచి తీశాక ఈసారి సన్నసెగ.
ఉక్కు మీద రంగులు నడుచుకుంటూ వచ్చాయి.
ముందు ఎండుగడ్డి. వెనక తేనె, నేరేడుపండు
ఇంకా దారిలో ఉండగానే ఆపేశాడు.
"ఇప్పుడు వచ్చింది."
ఆ తర్వాత దాన్నే సానరాయికి అదిమి
ఆగకుండా, కావాలనే, అదుముతూ పోయాడు.
మొన నీలమైంది. నెమలికంఠం నీలం. ఎంత బావుందో!
"పోయింది," అన్నాడు. "ఇక వెన్న కూడా కోయదు."

పోవడమంటే మండిపడటం కాదు.
మెత్తబడటం.

ఆ రాత్రి పప్పులోకి పోపు వేస్తున్నాను.
మనవాళ్లు ఇంగ్లీషులో రాసే వంటపుస్తకాల్లో
దీన్నీ టెంపరింగ్ అనే అంటారు.
ఆ మాట పెట్టింది ఎవరో, చెయ్యి కాలినవాళ్లే అయి ఉంటారు.
ఆవాలు చిటపటమన్నాక, ఎండుమిర్చి నల్లబడకముందు
ఒక్క రెప్పపాటు ఉంటుంది. అదే వంట,
తక్కిందంతా ఉడకబెట్టడమే.
మా ఇంట్లో తాలింపు అనేవాళ్లు.
తాలింపుకీ తాలిమికీ మధ్య నిఘంటువులో
పట్టుమని పది మాటలు కూడా ఉండవు.

తాలిమి గలదని నాకు పేరు.
నోట్లో నాలుక లేదని మెచ్చుకునే పెళ్లి చేసుకున్నారు.
ఆసుపత్రి లాండ్రీలో మూడు వారాల ఓవర్‌టైము
సూపర్‌వైజరు పెన్సిలుతో కొట్టేస్తే
"థాంక్యూ డెబ్రా" అన్నాను.
బస్సెక్కాక తలుచుకున్నాను, ఎందుకన్నానా అని.
ఏ సానరాయి మీద, ఏ ఏడు
నా మొన నీలమైందో
చూసినవాళ్లు లేరు.
అందంగానే ఉండి ఉంటుంది.

పోపు మాడింది. పొగ అలారం వీధంతా లేపింది.
నిరోష కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ
నవ్వాపుకోలేక అంది,
"అమ్మా, ఇది కూడా టెంపర్ పోగొట్టుకుంది."

పడుకునే ముందు జవాబు రాశాను:
"మిస్ హాల్‌డ్స్‌వర్త్ గారికి,
కుర్చీ విసరడం తప్పు. జిగురు మరకలు
సోమవారం తనే వచ్చి కడుగుతుంది.
టెంపర్ మాత్రం పోలేదు. ఇంట్లోనే ఉంది, చూశాను.
ఎండుగడ్డి రంగులో ఉంది.
సెగ కాస్త తగ్గిస్తాను."

కవరు అంటించాక
ఇంకో కాగితం తీశాను.
"డెబ్రాకి," అని రాసి
పెన్ను పట్టుకుని కూర్చున్నాను చాలాసేపు,
వేళ్లు వెచ్చబడేదాకా.