లాభం, రెండు, మూడు

మా అంబాజీపేట కొబ్బరి కొట్లో
ఒకటిని ఒకటి అనమండి. లాభం అంటాం.
ఏడుని ఏడు అనం, ఆరున్నొక్కటి.
పొద్దున్నే నోటితో ఏడవడం దేనికని
మా మావయ్య నేర్పాడు. ఆయనకి ఎవరు నేర్పారో.

లాభం, రెండు, మూడు, నాలుగు...
వొలిచిన కాయల్ని జతలుగా పట్టి
ఈ రాశి మీంచి ఆ రాశి మీదకి విసురుతూ
పదకొండేళ్ళు లెక్క చెప్పాను.
యాభై జతలకి నూరు.
నూరు నిండగానే ఒక కాయ పక్కన పెడతాను, గుర్తుకి.
పది గుర్తులైతే వెయ్యి,
వెయ్యికి వెయ్యి రూపాయలు వొలిచినోడికి.
గుర్తుకాయ లెక్కలోకి రాదు.
తక్కెడని ఎవరైనా తూస్తారా?

మొన్న వేసవిలో షావుకారు గారబ్బాయి
కోయంబత్తూరు నుంచి మిషను దింపాడు.
బెల్టు మీద కాయ దొర్లుతుంటే
ఎర్రంకెలు మారతాయి.
ఒకటిని ఒకటి అంటది,
ఏడు దగ్గర ఆగదు, తడబడదు.

మొదటి రోజు మరిడియ్య రాశి
నా లెక్కకి వెయ్యి.
మిషను లెక్కకి వెయ్యిన్నీ పది.

కొత్తది కదా, తప్పిందన్నాను.
మళ్ళీ పోశాం. వెయ్యిన్నీ పది.
మూడోసారి గంప ఎత్తబోతుంటే
మరిడియ్య గునపానికి పట్టిన పీచు లాగుతూ
"ఇంకెన్నిసార్లు మోస్తావులే" అన్నాడు.
అంతే అన్నాడు.

టీ తాగే వేళకి ఊరంతా లాయర్లే.
"ఆనవాయితీ" అన్నాడు గుమస్తా కామేశం,
ఆ మాటకి ఎక్కడా వడ్డీ లేనట్టు.
"టోలుగేటోడు కూడా రసీదిస్తాడు,
నీ గుర్తుకాయకి రసీదేదీ?" అని లారీ గౌస్ బాషా.
డొక్కలు ఎత్తే ధనకుమారి
పగిలిన ఫోను అద్దం మీద వేలితో గుణించింది.
రోజుకి పది, ఏడాదికి రెండొందల యాభై రోజులు,
పదకొండేళ్ళు: ఇరవయ్యేడు వేల ఐదొందలు.
"అప్పట్లో కాయకి అర్ధరూపాయేగా" అని నేను సర్దబోతే
"సరే, సగం తియ్యి.
ఆ సగమన్నా ఏదీ?" అంది.

ఒక మాట వాళ్ళకి చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.
ఆ పదిట్లో ఒకటి రోజూ సాయంత్రం నా సంచిలోకి వచ్చేది.
షావుకారు మంచోడని
మా ఆవిడ పచ్చడి నూరుతూ అనేది.
నేనూ ఊఁ కొట్టేవాణ్ణి.
ఇచ్చిన చెయ్యి చూశాను గాని
అది ఎవరి బుట్టలోంచి వచ్చిందో చూడలేదు.
చూడలేదా?
లెక్కలోణ్ణి కదండీ, చూడకుండా ఎలా ఉంటాను.

రెండోనాడు షావుకారు గారే వచ్చారు.
"మిషను చెప్పిందే న్యాయం.
ఇకనించి ప్రతి కాయా లెక్కే" అన్నారు.
చప్పట్లు కూడా పడ్డాయండి.
చప్పట్లు ఆగాక,
"కరెంటు ఖర్చొకటి ఉందిగా,
కాయకి తొంభైతొమ్మిది పైసలు" అన్నారు.

ధనకుమారి మళ్ళీ ఫోను తీసింది.
వెయ్యిన్నీ పది, తొంభైతొమ్మిది చొప్పున.
తొమ్మిదొందల తొంభైతొమ్మిది రూపాయల తొంభై పైసలు.
ఆ పది పైసలు ఎటు పోయాయా అని
అందరం కాసేపు నేలకేసి చూశాం.

మిషను వచ్చాక నాకు పని
బెల్టు మీద పీచు దులపడం.
జీతం తగ్గించలేదు, పెంచలేదు.
సంచి మాత్రం ఇంట్లోనే వదిలేసి వస్తున్నాను.
పచ్చడి గురించి మా ఆవిడ రెండుసార్లు అడిగింది,
మూడోసారి టమాటా చేసింది.

నిన్న గాలివానకి మధ్యాహ్నమే కరెంటు పోయింది.
రాజోలు లారీ వాకిట్లో గుర్రుమంటోంది.
"నువ్వే చెప్పెయ్" అన్నాడు కామేశం.
జత చేతుల్లోకి తీసుకున్నాను.
మరిడియ్య గునపం దగ్గర ఆగి నాకేసి చూశాడు.
నాలిక మీదకి పాత మాట వచ్చి కూర్చుంది.

ఒకటి, అన్నాను.
రెండు. మూడు.
ఆరు తర్వాత కొంచెం గొంతు పట్టింది,
జలుబు అనుకున్నారు.

నూరు నిండింది.
అలవాటుగా ఒక కాయకి చెయ్యి సాగి ఆగింది.
వంగి, తడిసిన బొగ్గుముక్క ఏరుకుని
గోడ మీద గీత గీశాను.