చెవిరాయి

గండి కొట్టింది మేమే. వరద కాదు.
ఆ సంగతి ముందే చెప్పాలి,
ఎసెక్స్ తీరంలో ఇప్పటికీ కొందరు
నన్ను చూసి దారి మారుస్తారు.

బార్లీ పండిన నలభై ఎకరాలు,
మూడు తరాలు సముద్రాన్ని ఆపిన మట్టికట్ట.
ఆ కట్ట మీద రోజూ నడిచి
కుందేళ్ళు తవ్విన బొరియలు పూడ్చిన జేబెజ్ ఫ్రూయిన్
యంత్రం మొదటి ముద్ద కొరికినప్పుడు
టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
అంతే.

మొదటి ఏడు బురద. రెండో ఏడూ బురదే.
పొలం చచ్చిందన్నారు.
మూడో ఏట ఉప్పుమొక్కలు వేలెడు లేచాయి,
నమిలితే చిటుక్కుమంటాయి.
పాత నాగటిచాళ్ళే పిల్లకాలువలయ్యాయి.

ఆగస్టు అమావాస్య పోటుకి
చాలు వెంట నీరు పాకి వస్తుంది.
నీటి వెనకే బాస్ చేపపిల్లలు,
గోరంతవి, చిటికెనవేలంతవి,
వెలుగుకి పట్టి చూస్తే
లోపల వెన్నుముల్లు దారప్పోగు.
వచ్చేటప్పుడు పొట్టలు ఖాళీ. కోసి చూశాను.
మొక్కల మొదళ్ళలో గంతులేసే బురదపురుగులు,
నలుసంత రొయ్యలు,
పేరు పెట్టటానికి నాకే ఓపిక లేనివి ఇంకెన్నో.
రెండు గంటలే గడువు.
పోటు తీసేసరికి పొట్టలు బిర్రబిగిసి
పెళ్ళిబంతి నుంచి లేచినవాళ్ళలా
ఒరుగుతూ, ఆయాసపడుతూ పోతాయి.

పడవల రేవులో
కాంక్రీటు గోడల మధ్య పట్టిన పిల్లలు
ఇదే ఈడువి, ఈ తల్లుల గుడ్లే కావచ్చు,
కొలబద్ద మీద తొమ్మిది మిల్లీమీటర్లు పొట్టి.
నవ్వొచ్చే అంకె.
జనవరి నీళ్ళలో మాత్రం
ఎవరికీ నవ్వు రాదు.

చేప చెవిలో ఒక రాయి ఉంటుంది,
నువ్వుగింజలో సగం.
రోజుకో పొర కట్టుకుంటుంది.
తిన్న రోజు వెడల్పు, పస్తున్న రోజు వెంట్రుకవాసి.
దానికి అబద్ధం రాయటం చేతకాదు.

ఒక సాయంత్రం జేబెజ్ వచ్చాడు.
బూట్లు గుమ్మం బయటే విప్పాడు.
"చూపించు తిర్జా, నా పొలం మేస్తున్నదెవరో" అన్నాడు.
సూక్ష్మదర్శిని మీదికి వంగి
టీ చల్లారేదాకా లేవలేదు.
తర్వాత గాలిలో వేలితో లెక్కపెట్టాడు:
"నాలుగైదు ఇరుకు. ఆపైన వెడల్పు. మళ్ళీ ఇరుకు.
సగం చంద్రుడి రోజులివి.
ఆ రోజుల్లో నీరు పొలం గడప ఎక్కదు."

ఆ మాట కోసం నేను
ఆరు నెలలు గీతలు గీశాను.

"నలభై ఏళ్ళు నేనూ ఇవే రాసుకున్నా,
కట్ట మీది గుంజకి కత్తిగాట్లు,
ఏనాడు ఎంతెత్తు లేచిందో.
నేను రాకూడదని రాసుకున్నా."
మళ్ళీ వంగాడు.
"వీడు రావాలని."

కాసేపాగి అడిగాడు:
"ఇది చదవాలంటే వీడు చావాలి కదూ?"
అవునన్నాను.
బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారుజాము పోటుకి
పిలవకుండానే వచ్చి వల రెండో కొస పట్టుకున్నాడు.
లాంతరు వెలుగులో నలభై దాకా పడ్డాయి.
నేను పుస్తకం తీసేలోగా
అతని చేతిలో బకెట్ కొద్దిగా ఒరిగింది,
కాలువ వైపు.

నేను పెన్సిల్ నాలుకకి తడిపి
రాశాను:
వలలో పడ్డవి, ఇరవై మూడు.