పేరు చెప్పి వెళ్ళు

గుటక వేశాక పేరు చెప్పాలి.
మొంబాసాలో మా కిటికీ దగ్గర అదొక్కటే నియమం,
మెథడోన్ బుగ్గన దాచుకెళ్ళి
గేటు బయట అమ్ముకోకుండా.
అతుమాని, నువ్వు రోజూ చెప్పేవాడివి
నీ పేరు, మీ నాన్న పేరు,
హుషారుగా ఉంటే
పొద్దున తిన్న మాందాజీ ధర కూడా.

మార్చి చివర్లో
గాలికి భయపడటం నేర్చుకున్నాం.
మాస్కు దించు, తాగు, పేరు చెప్పు, మాస్కు ఎక్కించు.
నీ పేరు నన్ను తాకకుండా
ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని.
చూశావు నువ్వు.
"పర్లేదు సిస్టర్, అందరూ వేసే అడుగే" అన్నావు.

లికోనీ రేవులో
మనిషికీ మనిషికీ మధ్య సున్నపు గీతలు.
అవతలి ఒడ్డు నుంచి నీ రాక:
రెండు గంటల వరస, ఆపైన ఫెర్రీ,
తిరిగెళ్ళేసరికి కర్ఫ్యూ, ఆపైన లాఠీ.
చేతులు కడుక్కోమంటుంది రేడియో.
నీళ్ళ డబ్బా ఇరవై షిల్లింగులు.
ఇల్లు కదలొద్దంటుంది రేడియో.
నువ్వు పడుకునేది బోర్లించిన పడవ కింద.

ఒకరోజు నీ కార్డులో గడి ఖాళీ.
మర్నాడూ ఖాళీ.
మూడో గడి కూడా ఖాళీగా పోతే
మోతాదు మళ్ళీ అడుగు మెట్టు నుంచి ఎక్కించాలి.
పెన్ను మూత తీసి పెట్టుకుని కూర్చున్నాను.

మూసే వేళకి వచ్చావు,
ముక్కు కారుతూ, ముచ్చెమటలు పోస్తూ,
ఎముకల్లో చలి కొడుతూ.
కాపలా అతను జ్వరం చూసే తుపాకీ నీ నుదుటికి గురిపెట్టి
"కరోనా!" అని కేకేశాడు.
కాదయ్యా, అది మందు లేక.
రెండూ ఒకేలా వణికిస్తాయి.
ఒకదానికి వార్డు ఉంది,
రెండోదానికి గేటు.

జూన్‌లో పైనుంచి కాగితం.
రెండు రోజుల మందు ఇంటికివ్వొచ్చు,
తాళం వేసే పెట్టె ఉంటే.
నీకెక్కడిది తాళం?
తాళాలన్నీ మీ అక్క మ్వనాషా దగ్గరే,
నీకు భయపడి కొన్నవి.
చెంచాలకి కూడా ఒకటుందట.

ఆవిడే వచ్చింది.
రేకు బిస్కెట్ల డబ్బాకి గొళ్ళెం కొట్టించి తెచ్చింది.
తాళంచెవి నాకివ్వబోయింది.
వాడికే ఇవ్వమన్నాను.
ఆ చెయ్యి చాలాసేపు అలా గాల్లోనే ఉండిపోయింది.
దూరం పాటించాలన్న నియమం వల్ల కాదు.

ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు.
సీసాలు అమ్మేస్తే?
రెండూ ఒకేసారి గొంతులో పోసుకుంటే?
సంతకం నాది.

మూడోరోజు వచ్చావు.
ఖాళీ సీసాలు రెండూ కడిగి తెచ్చావు,
ఇరవై షిల్లింగుల నీళ్ళతో.
నేనేమీ అడగలేదు.
నువ్వే చెప్పావు:
"తాగాక పేరు చెప్పాను సిస్టర్, రెండు రోజులూ."
ఎవరికి?
"అక్కావాళ్ళ మేకకి.
అది వెనక్కి అడుగు వెయ్యలేదు."

మేక పేరేంటో అడుగుదామనుకున్నాను.
నీ వెనక ఇంకా నలభై మంది.