రెండు ఘనపుటడుగులు

పాతికేళ్లుగా నీళ్లని నేను
క్యూసెక్కుల్లోనే ఎరుగుదును.
ఏలూరు కాలువ తలుపుల దగ్గర గేజి రాసే ఉద్యోగం.
పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
సిమెంటు గోడ మీది తెల్లగీతల్లో
నది ఎక్కడిదాకా వచ్చిందో చూసి పుస్తకంలో ఎక్కించడం.
లీటరంటే నాకు రెండు పాలప్యాకెట్లు.
అంతే.

వన్‌టౌన్‌లో అద్దాలు కోసే మస్తాన్‌వలి
టేపు లాగి నా మొహం చూశాడు.
రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగెత్తు.
అలవాటు కొద్దీ లెక్కేశాను:
ఒక్క క్యూసెక్కు రెండే సెకన్లు పారితే నిండిపోయే చెరువు.
బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన రోజున
నేను తుమ్మేలోపు సముద్రానికి పోయేవి
ఇలాంటి తొట్లు ఎన్ని వేలో!

"మా కెజియా పన్నెండు చేపలు కావాలంటోంది."
కట్టర్ని కిరసనాయిల్లో ముంచుతూ అన్నాడు:
"మీ ఇంట్లో పన్నెండుమంది పడతారా?"
కృష్ణలంకలో మాది ఒకటిన్నర గది. ఆయనకి తెలుసు.
"గోల్డు ఫిష్షయితే ఒకటే ఎక్కువ, అరచెయ్యంత అవుద్ది.
చిన్నవైతే ఆరు.
గుండ్రటి బుడ్డి మాత్రం అడక్కండి, అది లాకప్పు."
హీటరు సంగతెత్తితే నవ్వాడు: "బెజవాడలోనా?"

నిండితే డెబ్బై కిలోల పైమాటే.
కుట్టుమిషను బల్ల మీద వద్దంది సువార్త.
ఇటుకలు పేర్చి, పైన కడపబండ వేసి,
మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పెడితే
బుడగ వీధివైపే పోయి కూచుంది.
మా గది నేల ఏటివైపు వాలుందని
పదకొండేళ్లకి తెలిసింది.
పెంకుముక్కలు దోపాను.
పైన అంగుళంన్నర వదిలాను. కాలువగట్టుకైనా
అద్దానికైనా ఆ జాగా ఉండాల్సిందే.

ఇసుక తొమ్మిదిసార్లు కడిగాం.
పంపునీళ్లు రాత్రంతా బకెట్లలో నిలబెట్టి
మందువాసన పోయాక పోశాం.
స్పాంజి ఫిల్టరు గురగురమంది.
ఇక చేపలే, అనుకున్నాం.
"నీళ్లు మాగాలి," అన్నాడు మస్తాన్‌వలి,
మామిడికాయల గురించి చెప్పినట్టు.

నెలరోజులు
ఖాళీ నీళ్లకి రోజూ చిటికెడు మేత వేసింది కెజియా.
పక్కింటి దీనమ్మత్త వచ్చి
"చేపల్లేకుండా లైటెందుకే?" అంటే
"అవి రావడానికి దారి కనపడొద్దా" అంది.
నీళ్లు పాలలా విరిగాయి,
ఓ పొద్దున ఎవరో తుడిచినట్టు తేటపడ్డాయి.

ఏప్రిల్లో ఆర్డరొచ్చింది. కాలువ కట్టేశాం.
ఏటా చేసే పనే.
తలుపు దిగాక అడుగున గుంటలు మిగుల్తాయి,
గుంటల్లో పరిగెలు.
కొంగలొస్తాయి, దోమతెర పట్టుకుని పిల్లలొస్తారు,
నాలుగెండలకి ఎవరూ రారు.
నేను పుస్తకంలో 'నిల్' అని రాస్తాను.
నిల్‌లో ఏముందో రాసే గడి అందులో లేదు.

ఈసారి క్యారేజీలో పెద్దగిన్నె ఖాళీ చేసి
గట్టు దిగాను.
ఆరు. ఏడోది చేతికి తగిలింది,
మస్తాన్‌వలి మాట గుర్తొచ్చి వదిలేశాను.
ఎక్కడికి వదిలానో తెలిసే వదిలాను.

గిన్నెని తొట్టిలో గంటసేపు తేల్చి
కప్పు తర్వాత కప్పు కొత్తనీళ్లు కలిపాం.
వారం వేరే బకెట్లో ఉంచాల్సిందని తర్వాత తిట్టాడాయన.
మూడోరోజుకి అయిదు.
కెజియా మాట్లాడలేదు. తెల్లగీతలు గీసిన కాగితం ఒకటి
అద్దానికి అంటించి, 5 అని రాసింది.

మే నెల. రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
ఫ్యాను కంటే ముందు పంపు ఆగిన చప్పుడుకి లేచాను.
చీకట్లో అప్పటికే తను
మగ్గుతో నీళ్లు ముంచి, జానెడెత్తునించి పోస్తోంది,
ముంచి, పోస్తోంది.
"గాలి కలవాలి నాన్నా. నువ్వు పడుకో."

పడుకోలేదు. పక్కన కూచున్నాను.
"జూన్లో కాలువ వదిలితే వీటిని పంపేస్తామా?"
"ఆర్డరు రావాలమ్మా."
"ఎవరి దగ్గర్నుంచి?"

అప్పుడే కరెంటొచ్చింది.
తను మగ్గు దించలేదు.