గోరంత

ఈ లోయను ఏరు తవ్వలేదు.
బళ్లో మాకు తప్పుగా చెప్పారు.
కింద సన్నగా పారే కెరియోని చూపించి
ఇదే కోసింది, యుగాలుగా కోసింది అన్నాడు మేష్టారు.
నమ్మాం.
గట్టు తెగిన ప్రతిసారీ
నీళ్లు ఎంత పదునో చూసినవాళ్లమే కదా.

కాదు తాతా.
ఏరు తర్వాత వచ్చింది,
ఖాళీ పడ్డ ఇంట్లోకి అద్దెకొచ్చినట్టు.

ముందు నేల సాగింది.
తూర్పు నుంచొక చెయ్యి, పడమర నుంచొక చెయ్యి.
తడిపిన పిండయితే సాగేదే,
రాయి ఎంతకని సాగుతుంది?
ఏటవాలుగా తెగింది.
తెగినచోట ఒక పక్క జారి కూలబడింది,
మన పక్క నిటారుగా నిలబడిపోయింది.
ఎదురుగా ఆ తుగెన్ కొండలు చూడు,
కోడు విరిగిన మంచంలా
మన వైపే ఒరిగి ఉంటాయి.
వాటి వీపు అవతల మళ్లీ ఒక తెగువాటు,
మళ్లీ ఒక పల్లం.

భ్రంశం అన్న మాట మొదటిసారి విన్నప్పుడు
క్లాసులో అందరూ రాసుకున్నారు.
నాకు నీ మోకాలు గుర్తొచ్చింది,
కాలువ మీంచి జారిపడ్డ ఏడాది నుంచీ
దిగేటప్పుడల్లా కటుక్కుమనే కుడి మోకాలు.

బస్తా దించాక భుజం దానంతటదే కాస్త లేస్తుంది.
లోయ కుంగి బరువు తగ్గితే
చెరంగని అంచూ అలాగే లేచింది.
మబ్బులు అక్కడే ఆగిపోతాయి.
పైన వాన, చలి, బంగాళాదుంపలు.
కింద ఎండ, తుమ్మముళ్లు, జొన్న.
మధ్యలో రాతిగోడకు అతుక్కుని
కొయ్యలూ గడ్డీ మట్టీ కలిపి
మీ తాతల తాతలు వేలాడదీసిన కాలువ.
పగిలిన ఆ గోడే లేకపోతే
మనకు నీళ్లూ లేవు, తగాదాలూ లేవు.

నా యంత్రం పెట్టాల్సిన రాయి
కాలువ తల దగ్గరే ఉంది.
అక్కడికి ఆడది రాకూడదు.
పెద్దలు మూడు పూటలు కూర్చున్నారు.
తేనె కల్లు అయిపోయింది, మాట తేలలేదు.
చెలాంగా అయితే లేచి వెళ్లిపోయాడు.
చివరికి నువ్వన్నావు:
"జెమాయో కాలువ కోసం రావట్లేదు, రాయి కోసం వస్తోంది.
రాయికి ఏ కట్టుబాటూ లేదు."
అని, నీళ్లవైపు చూడకుండా నడవమన్నావు.
నడిచాను.
కొంచెం చూశాను.

రెండేళ్ల లెక్క తేలాక
నీ చెయ్యి పట్టుకుని చెప్పాను:
ఈ గట్టుకీ ఆ గట్టుకీ ఎడం
ఏడాదికి ఇంత పెరుగుతోంది,
నెల రోజుల్లో నీ గోరు పెరిగినంత.
మట్టి ఇరుక్కున్న గోరుని తిప్పి తిప్పి చూశావు.
ఇంతేనా, అన్నావు.
ఇంత దానికా అంత దూరం చదివింది?

చిన్నప్పుడు అమ్మ తిట్టేది నన్ను,
గోరంతను కొండంత చేస్తావే అని.
ఎవరు చెయ్యరమ్మా ఇక్కడ?
ఒక్కో కుదుపుకు ఒక్కో జానెడు,
గోడకు వేలాడే పాలబుర్రలు ఒకదాన్నొకటి కొట్టుకుని
మేకలు లేచి నిలబడ్డ రాత్రి ఒక వేలెడు,
ఆపైన ఎవరికీ తెలియని వందల ఏళ్ల ఊరకుండటం.
మనం తలెత్తి చూసే ఈ నాలుగువేల అడుగులూ
అలా పోగైనవే.

నువ్వు నమ్మినట్టు లేదు.
చుట్ట ఆర్పి, గొడ్డలి భుజాన వేసుకుని,
"అయితే కాలువ కూడా
ఏడాదికి గోరంత పొడుగు చెయ్యాలన్నమాట"
అని లేచావు.

ఎగతాళి అనుకున్నాను.
సాయంత్రం దిగి వస్తూ చూశాను,
పగులు దాటేచోట, రెండు కొయ్యల అతుకులో
పిడికెడు మట్టి ఎక్కువ మెత్తి ఉంది.
ఇంకా తడిగా, నీ అయిదు వేళ్ల గుర్తులతో.

ఈ రాత్రి వంతు మనది.
నీళ్లు వస్తున్న చప్పుడు.